నాకు ఆకలి, నాకు ఇరవయ్యేళ్ళు: ఫ్రెంచికి తెలుగు దారి

దిల్‌సుఖ్‌నగర్‌లో సాయంత్రంపూట పదిమందికి ఫ్రెంచి చెబుతుంటాను. కొత్త బ్యాచ్ మొదలైన రెండోవారంలో ప్రతిసారీ ఒకే తప్పు ఎదురవుతుంది. "ఆకలేస్తోందని ఫ్రెంచిలో చెప్పండి" అంటాను. చురుకైన అమ్మాయి ఎవరో ఒకరు చప్పున "జ్ స్వి ఫ్యాఁ" అంటుంది. 'జ్' అంటే నేను, 'స్వి' అంటే ఉన్నాను, 'ఫ్యాఁ' అంటే ఆకలి. కలిపితే "నేను ఆకలిని" అని తయారవుతుంది. ఎందుకలా అన్నావని అడిగితే, "ఐ యామ్ హంగ్రీ కదా మేడమ్, మాటకు మాట పెట్టాను" అంటుంది.

అప్పుడు నేనడిగేది ఒక్కటే. "ఇంట్లో మీ అమ్మతో ఏమంటావు?" "నాకు ఆకలి అంటాను." "అదే చెప్పు మరి." ఫ్రెంచిలో సరైన మాట "జే ఫ్యాఁ". ఇందులో 'జే' అంటే 'నాకు ఉంది'. ఆకలి మనిషి కాదు, మనిషికి వచ్చేది. తెలుగూ ఫ్రెంచీ రెండూ ఆ విషయాన్ని అలాగే చూస్తాయి, ఇంగ్లిషే వేరుగా చూస్తుంది.

హైదరాబాద్‌లో ఫ్రెంచి నేర్చుకునేవాళ్ళు తక్కువేం కాదు. ఇంటర్‌లో మార్కుల కోసం సెకండ్ లాంగ్వేజ్‌గా తీసుకునేవాళ్ళున్నారు. తార్నాకలో ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. ఫ్రెంచి నేర్పే అలియాన్స్ ఫ్రాన్సేజ్ సంస్థ ఉంది. ఈమధ్య కెనడా పీఆర్, అంటే శాశ్వత నివాసం కోసం వచ్చేవాళ్ళు బాగా పెరిగారు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే అక్కడి ఎంపిక పద్ధతిలో ఫ్రెంచి వచ్చినవాళ్ళ కోసం 2023 నుంచి ప్రత్యేకంగా డ్రాలు తీస్తున్నారు. వాటికి వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం నాలుగింట్లోనూ అక్కడి కొలమానంలో 7వ స్థాయి రావాలి. ఇంతమందీ ఇంగ్లిషులో రాసిన పుస్తకాలతో, ఇంగ్లిషులో చెప్పే యాప్‌లతోనే నేర్చుకుంటారు. పుట్టుకతో ఇంగ్లిషు మాట్లాడేవాళ్ళకు వచ్చే చిక్కులన్నీ మనమూ కొని తెచ్చుకుంటాం. వాటిలో సగం మనకు రావాల్సిన చిక్కులే కావు.

ఆకలి సంగతే ఇంకాస్త చూద్దాం. దాహం, భయం, చలి, నిద్ర, అన్నీ ఫ్రెంచిలో 'నాకు ఉంది' పద్ధతిలోనే నడుస్తాయి. వయసు కూడా అంతే. "జే వ్యాఁతాఁ", నాకు ఇరవయ్యేళ్ళు. ఇంగ్లిషు తలలో పెట్టుకున్నవాడు ఇక్కడ "నేను ఇరవై" అంటాడు. "నాకు నచ్చింది" అనాలంటే "సా మ్ ప్లే". 'అది నాకు నచ్చుతుంది' అని అచ్చంగా మన వరసే. "నాకు పది రూపాయలు మిగిలాయి", "నాకు కావాలి" లాంటివాటికీ ఇలాంటి వాక్యాలున్నాయి.

వీటన్నిటిలో గట్టి పరీక్ష 'మిస్ అవుతున్నా' అనే మాట. మా క్లాసులో ఒకావిడ మాంట్రియల్‌లో ఉన్న భర్తకు "జ్ త్ మాఁక్" అని మెసేజ్ పెట్టింది. 'ఐ మిస్ యూ'ని అదే వరసలో దించింది. కానీ ఆ వాక్యానికి అర్థం "నేను లేక నీకు లోటుగా ఉంది" అని. ఆయన "నిజమే" అని జవాబిచ్చాడు. ఆవిడ అనుకున్నది చెప్పాలంటే "తు మ్ మాఁక్" అనాలి. నువ్వు నాకు లోటు. తెలుగులో పెద్దవాళ్ళు "ఆయన లేని లోటు మాకు తెలుస్తోంది" అంటారే, వాక్యం అక్కణ్ణుంచి మొదలుపెడితే తిరకాసు లేదు. లోటుగా ఉన్న మనిషే కర్త, ఆ లోటు తెలిసేవాళ్ళు 'కు' విభక్తిలో ఉంటారు. దీన్ని నేను వారం రోజులు ఇంగ్లిషులో వివరించి చూశాను, ఎక్కలేదు. తెలుగులో ఒక్కసారి చెబితే సరిపోయింది.

ఇక ఉచ్చారణ. ఫ్రెంచి 'టి' మన త, 'డి' మన ద. నాలుక పళ్ళకు తగలాలి. ఇంగ్లిషు 'టేబుల్'లో ఉన్న ట కాదు. ఫ్రెంచి ప, త, కలను ఊపిరి వదలకుండా పలుకుతారు, అంటే మనం 'పాలు', 'తాడు', 'కాలు' అన్నట్టే. ఇంగ్లిషువాళ్ళు నెలలతరబడి కష్టపడేది మన నోట్లో ముందే ఉంది. అయినా మనవాళ్ళు ఫ్రెంచి పుస్తకం తెరవగానే కాన్వెంటు ఇంగ్లిషు గొంతు తెచ్చుకుని ట, డ అనేస్తారు. అలాగే ఇంగ్లిషులో ఒక అక్షరాన్ని నొక్కి మిగతావాటిని మింగేస్తారు, తెలుగులో ప్రతి అచ్చూ నిండుగా పలుకుతుంది. ఫ్రెంచి కూడా ప్రతి అచ్చునూ సమంగా నడిపించి పదబంధం చివర కొంచెం సాగదీస్తుంది.

ముక్కుతో పలికే అచ్చులు కష్టమంటారు. వైన్‌ను 'వ్యాఁ' అంటారు, గాలిని 'వాఁ' అంటారు, 'వాళ్ళు వెళ్తారు' అనడానికి 'వోఁ' అంటారు. మూడింట్లోనూ అచ్చు తర్వాత నకారం రాస్తారు, పలకరు, అది ముక్కులోకి పోతుంది. అరసున్న పెట్టుకుని రాసిన తరాల భాష మనది. రాతలో అరసున్న పోయినా 'మామయ్య'ను 'మావయ్య' అనేటప్పుడు ఒకసారి గమనించండి, ఆ వకారం సగం ముక్కులోంచే వస్తుంది. దాన్ని పట్టుకుంటే చాలు. చివర 'న్' అని నాలుక ఆనించడం మాత్రం మానెయ్యాలి.

నిజంగా కొత్తగా నేర్చుకోవాల్సిన శబ్దం ఒకటుంది. 'నువ్వు' అనే అర్థంలో వచ్చే 'తు'లోని అచ్చు. అది మన ఉ కాదు. నాలుకను 'ఈ' అనేటట్టు పెట్టి, కదపకుండా పెదాలను మాత్రం 'ఊ' అనేటట్టు గుండ్రంగా ముందుకు తేవాలి. అద్దం ముందు నిలబడి 'ఈ' అంటూ పెదాలు ముడవండి, దానంతట అదే వస్తుంది. దీన్ని వదిలేస్తే నష్టమేంటంటే, 'పైన' అనే మాటకూ 'కింద' అనే మాటకూ ఫ్రెంచిలో తేడా ఈ ఒక్క అచ్చే. రెండూ తెలుగు లిపిలో 'ద్‌సు' అనే రాస్తాం. తాళంచెవి డబ్బా పైన ఉందో కింద ఉందో చెప్పలేకపోతాం. అందుకే మా పిల్లలను నోటుబుక్కులో ఫ్రెంచిని తెలుగు అక్షరాల్లో రాసుకోవద్దంటాను. ఈ వ్యాసంలో నాకు వేరే దారి లేక రాస్తున్నాను. చెవితో విన్నాకే నోటికి ఎక్కించుకోండి.

ఫ్రెంచి 'ర' గురించి అందరూ టెన్షన్ పడతారు. అది నాలుక కొసతో పలికేది కాదు, గొంతు వెనకనుంచి వస్తుంది. ఈ విషయంలో హైదరాబాద్‌వాళ్ళ అదృష్టం వేరు. మలక్‌పేట నుంచి మెట్రోలో వస్తుంటే మూసారాంబాగ్ స్టేషన్ వస్తుంది. ఆ పేరు నిజాం కొలువులో ఫ్రెంచి సైన్యాధికారిగా ఉన్న మొస్యో రేమోఁ పేరుమీద వచ్చిందని చెబుతారు. ఆయన 1798 మార్చి 25న చనిపోయాడు, సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్టమీద ఉంది. గన్‌ఫౌండ్రీలో ఫిరంగుల కర్మాగారం పెట్టింది కూడా ఆయనే. మొస్యో రేమోఁ జనం నోట మూసా రాం అయింది. ఆ ఊరిపేరులో చివరనున్న 'బాగ్'ను ఉర్దూ బాగా వచ్చినవాళ్ళు పలికినప్పుడు వినండి. చివరి గకారం మన గ కాదు, గొంతులో రాపిడితో వచ్చే శబ్దం. ఇవాళ్టి ఫ్రెంచివాళ్ళు రేమోఁ పేరులో మొదటి అక్షరాన్ని పలికేది దాదాపు అలాగే. 'త్ర', 'ప్ర' లాంటి చోట్ల అదే రకారం 'ఖైరతాబాద్'ను ఉర్దూలో పలికినప్పటి ఖకారంలా గాలిగా వస్తుంది. పాతబస్తీ స్నేహితులున్న పిల్లలకు ఈ అక్షరం నేను నేర్పాల్సిన అవసరమే రాలేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగానికి వస్తాను. సంధులు. పదో తరగతిలో బట్టీపట్టి, పరీక్ష అవగానే వదిలేసిన ఆ సంధులు ఫ్రెంచిలో అడుగడుగునా కనిపిస్తాయి.

'స్నేహితుడు' అంటే 'ఆమి'. ముందు 'ల్' అనే ఆర్టికల్ పెడితే దాని అచ్చు లోపించి 'లామి' అవుతుంది. రాముడు, అతడు కలిసి 'రాముడతడు' అయినట్టే. బహువచనంలో 'లె' అనే మాట వస్తుంది. దాని చివర ఎస్ అక్షరం రాస్తారు గానీ పలకరు. కానీ పక్కన అచ్చు వస్తే ఆ మూగ అక్షరం మేలుకుంటుంది. 'లెజామి' అవుతుంది. సకారం మెత్తబడి జకారంలా, హిందీ 'జిందగీ'లో ఉన్నట్టు పలుకుతుంది. పరుషం రెండచ్చుల మధ్య మెత్తబడడం మనకు కొత్తా? అన్న, తమ్ములు కలిసి 'అన్నదమ్ములు', తల్లి, తండ్రి కలిసి 'తల్లిదండ్రులు' అవుతున్నారు కదా.

ఇంకొకటి చూడండి. 'ఆమె మాట్లాడుతుంది' అనడానికి 'ఎల్ పార్ల్' అంటారు. ప్రశ్నగా మార్చేటప్పుడు వరస తిప్పుతారు. 'పార్ల్ ఎల్' అని రావాలి. కానీ మధ్యలో ఎక్కడినుంచో ఒక తకారం వచ్చి 'పార్ల్ తెల్' అవుతుంది. 'ఉన్నాయా' అనడానికి 'యాతిల్' అంటారు, అందులోనూ అదే తకారం. ఇంగ్లిషు పుస్తకాలు దీన్ని "వినసొంపు కోసం" అని ఒక్కముక్కలో తేల్చేస్తాయి. పల్లె, ఊరు కలిస్తే 'పల్లెటూరు' ఎందుకైంది? తేనె, ఈగ కలిస్తే 'తేనెటీగ' ఎందుకైంది? రెండు అచ్చులు ఢీకొనకుండా మధ్యలో ఒక హల్లు వచ్చి కూర్చుంది. టుగాగమ సంధి. అక్కడ ట, ఇక్కడ త. ఈ సంగతి బోర్డుమీద పక్కపక్కన రాసిన రోజు క్లాసులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఆ తకారాన్ని ఎవరూ మర్చిపోలేదు.

సంధి చెయ్యకూడని చోట్లు కూడా ఉన్నాయి. 'మరియు' అనే అర్థంలో వచ్చే 'ఎ' తర్వాత సంధి ఎప్పుడూ చెయ్యరు. హెచ్ అక్షరం ఫ్రెంచిలో పలకరు, కానీ కొన్ని మాటల్లో అది సంధిని అడ్డుకుంటుంది. 'వీరులు' అంటే 'లె ఏరో', మధ్యలో విరామం ఉండాలి. కలిపేసి 'లెజేరో' అన్నారా, అది 'సున్నాలు' అవుతుంది. వింతేమిటంటే 'వీరవనిత' అనే మాటకు ఈ అడ్డు లేదు, చక్కగా 'లేరోయిన్' అని కలిసిపోతుంది. ఇలాంటివి డిక్షనరీలో చూసి గుర్తుపెట్టుకోవడమే.

ఇన్ని అక్షరాలు రాసి ఎందుకు పలకరు అని అడగని విద్యార్థి లేడు. ఒకప్పుడు పలికేవాళ్ళు. నోరు మారింది, రాత మారలేదు. 1635లో మొదలైన ఫ్రెంచి అకాడమీ 1694లో తొలి నిఘంటువు తెచ్చినప్పుడు పాత లాటిన్ జాడలున్న రాతవైపే మొగ్గింది. 'వేలు' అనే మాటను 'ద్వా' అని పలికినా మధ్యలో జి అక్షరం ఉంటుంది, లాటిన్ మూలపదంలో ఉందని. 1990లో కొన్ని సవరణలు ప్రకటించారు గానీ పాతరాతలూ చెల్లుతున్నాయి. మనవాళ్ళు పలకని అరసున్నను రాతలోంచి తీసేశారు, వాళ్ళు తీసెయ్యలేదు, తేడా అంతే.

ఈ మూగ అక్షరాల వల్ల వ్యాకరణంలో ఒక పెద్ద పరిణామం వచ్చింది. తెలుగులో "వస్తున్నా", "వస్తున్నావా", "వస్తోంది" అంటే చాలు, ఎవరో తెలిసిపోతుంది. ఫ్రెంచిలో 'నేను మాట్లాడతాను', 'నువ్వు మాట్లాడతావు', 'వాళ్ళు మాట్లాడతారు', మూడింటికీ క్రియ రాతలో వేరు, చెవికి మాత్రం ఒకటే 'పార్ల్'. అందుకని ముందు 'నేను', 'నువ్వు' తప్పనిసరిగా పెట్టాలి. తెలుగువాళ్ళం సర్వనామాన్ని అలవాటుగా వదిలేస్తాం. ఈ విషయంలో మాత్రం ఇంగ్లిషు అలవాటే కాపాడుతుంది.

'నువ్వు', 'మీరు' తేడా తెలుగువాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. 'తు', 'వూ'. ఇంగ్లిషులో అన్నిటికీ ఒకే 'యూ' కాబట్టి అమెరికావాళ్ళకు దీనిమీద అధ్యాయాలు రాస్తారు. 'మీరు' లాగానే 'వూ' కూడా బహువచనానికీ మర్యాదకూ ఒకటే. "ఏకవచనంలో మాట్లాడొద్దు" అని మనవాళ్ళు కోప్పడినట్టే అక్కడా పరాయివాళ్ళను 'తు' అంటే తేడాగా చూస్తారు. కానీ ఇంటిలోపల లెక్క వేరు. అక్కడ పిల్లలు తాతనూ అమ్మమ్మనూ సాధారణంగా 'తు' అనే పిలుస్తారు. కోస్తా ఇళ్ళలో నాన్నను 'మీరు' అని పెరిగినవాళ్ళకు ఇది ఇబ్బందిగా ఉంటుంది. తెలంగాణ పల్లెల్లో "నాయినా, నువ్వెప్పుడొస్తవ్" అని పెరిగినవాళ్ళకు ఏమీ అనిపించదు. ఆ 'నువ్వు'లో ఎంత చనువుందో వాళ్ళకు తెలుసు. పెద్దవాళ్ళో ఆఫీసులో పైవాళ్ళో "ఓఁ ప్యో స్ తుత్వాయే" అంటే, 'మనం నువ్వు అనుకోవచ్చు' అని. వాళ్ళు అనేవరకూ 'వూ' వదలకండి.

భూతకాలం గురించి క్లుప్తంగా చెబుతాను. ఫ్రెంచిలో మొదట ఎదురయ్యేవి రెండు. "బస్సు వచ్చింది" లాంటి అయిపోయిన పనికి ఒకటి. "అప్పుడు వాన పడుతోంది", "చిన్నప్పుడు ఇక్కడ చెరువు ఉండేది", "రోజూ నడిచి వెళ్ళేవాణ్ణి" లాంటి నేపథ్యానికీ అలవాటుకూ ఇంకొకటి. 'వెళ్ళాను' అనాలా 'వెళ్ళేవాణ్ణి' అనాలా అని తెలుగులో ముందు అనుకుని, అప్పుడు ఫ్రెంచిలో చెప్పండి. పదికి తొమ్మిదిసార్లు సరిపోతుంది.

తెలుగు సాయం చెయ్యని చోట్లు దాచిపెట్టను. వస్తువులకు ఆడా మగా ఉండడం మనకు లేదు. బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. హిందీలో 'కుర్సీ టూటీ' అన్నట్టు. మన హైదరాబాదీ హిందీలో అదీ సరిగ్గా పాటించం కాబట్టి ఆ ఆసరా కూడా బలహీనమే. మాట నేర్చుకునేటప్పుడే ముందున్న ఆర్టికల్‌తో కలిపి ఒకే మాటగా నేర్చుకోవాలి. 'తాబ్ల్' అని కాదు, 'ఉన్ తాబ్ల్' అని. 'స్యోఁ' అని ముగిసేవి దాదాపుగా స్త్రీలింగాలు, 'మాఁ' అని ముగిసే నామవాచకాలు ఎక్కువగా పుంలింగాలు. 'పెద్ద' అనే విశేషణం పుంలింగంలో 'గ్రాఁ', స్త్రీలింగంలో 'గ్రాఁద్'. ఇక్కడా మూగ అక్షరం మేలుకోవడమే. విశేషణం నామవాచకానికి ముందా వెనకా అన్నదానిమీద అర్థం మారే మాటలు కొన్ని ఉన్నాయి. 'గ్రాఁ' ముందొస్తే గొప్పమనిషి, వెనకొస్తే పొడుగుమనిషి. 'పెద్దమనిషి' అంటే మనమూ ఎత్తు కొలవం కదా.

ఆర్టికల్స్ కూడా మనకు లేవు. అయినా ఒక చిన్న ఉపాయం ఉంది. "కాఫీ అంటే ఇష్టం" అని తెలుగులో 'అంటే' వచ్చే చోట ఫ్రెంచిలో 'ల్' వస్తుంది, "జెమ్ ల్ కాఫే". "కాఫీ తాగుతున్నా" అన్నప్పుడు అది కొంత కాఫీ, అక్కడ 'దు' వస్తుంది. ఈ రెంటినీ కలపకుండా ఉంటే సగం తప్పులు పోతాయి.

ఇంగ్లిషును పూర్తిగా పక్కన పెట్టమని కాదు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక వేల ఫ్రెంచి మాటలు ఇంగ్లిషులోకి వచ్చిపడ్డాయి. చదివి అర్థం చేసుకోవడానికి అది పెద్ద పెట్టుబడి. ఫ్రెంచి అచ్చుమీద టోపీలాంటి గుర్తు కనిపిస్తే అక్కడ ఒక ఎస్ చేర్చి చదవండి, 'ఒపితాల్' హాస్పిటల్ అవుతుంది, 'ఫోరె' ఫారెస్ట్ అవుతుంది. జాగ్రత్త పడాల్సినవీ ఉన్నాయి. 'లిబ్రేరీ' పుస్తకాల షాపు, లైబ్రరీ కాదు. 'ద్మాఁదే' అంటే డిమాండ్ చెయ్యడం కాదు, మామూలుగా అడగడం. 'ఆతాఁద్ర్' అంటే అటెండ్ అవడం కాదు, ఎదురుచూడడం.

అంకెల దగ్గర మాత్రం ఏ భాషా ఆదుకోదు. 70 అనడానికి 'అరవై పది', 80కి 'నాలుగిరవైలు', 98కి 'నాలుగిరవైల పద్దెనిమిది'. పాతకాలంలో ఇరవైల లెక్క నడిచేది. పారిస్‌లో 13వ శతాబ్దంలో రాజు తొమ్మిదో లూయీ మూడువందల మంది అంధుల కోసం పెట్టిన ఆశ్రమం పేరు 'పదిహేను ఇరవైలు', ఇప్పుడది కంటి ఆసుపత్రి. బెల్జియం, స్విట్జర్లాండ్‌లలో 70కీ 90కీ విడిగా మాటలున్నాయి. ఫ్రాన్స్‌లో ఫోన్ నంబరును రెండేసి అంకెల చొప్పున చెబుతారు. 78 అని వినాలంటే 'స్వాసాఁత్' అని మొదలవుతుంది. పిల్లలు వెంటనే 60 రాసేస్తారు. తర్వాత 'దిజుఇత్' వినగానే పక్కన 18 రాస్తారు. క్లాసులో నేను చెప్పే ఉపాయం ఒక్కటే, స్వాసాఁత్ వినగానే పెన్ను ఎత్తి పట్టుకోండి, రెండో మాట వచ్చాకే రాయండి. 98తో మొదలయ్యే నంబర్లు మన ఊళ్ళో కొల్లలు కాబట్టి ఇంట్లోవాళ్ళ నంబర్లు ఫ్రెంచిలో చదవడమే హోంవర్కుగా ఇస్తాను.

రోజువారీ మాటల్లో పుస్తకం ఒకటి చెబుతుంది, వీధి ఒకటి చెబుతుంది. 'నాకు తెలియదు' పుస్తకంలో "జ్ న్ సే పా". మనుషులు మాట్లాడేటప్పుడు మధ్యలో 'న్' ఎగిరిపోయి, మొదటి రెండూ అతుక్కుపోయి "షేపా" అవుతుంది. మొదటిసారి విన్నప్పుడు మా పిల్లలు అది వేరే మాట అనుకున్నారు. 'తెలియదు' మన బడంగ్‌పేట్‌లో 'తెల్వదు' అయితే అది వేరే మాటా? "రాలేదా నిన్న?" అని అడిగితే 'వచ్చాను కదా' అని కాదనడానికి 'అవును' అనే 'ఉయ్' పనికిరాదు, దానికి విడిగా 'సీ' అనే మాట ఉంది. షాపులోకి అడుగుపెట్టగానే ముందు 'బోఁజూర్' అనాలి. అది అనకుండా ధర అడిగితే దురుసుగా తీసుకుంటారు.

ఇంకొక మాట ఉంది. పరీక్షకో ఇంటర్వ్యూకో కష్టమైన పనికో వెళ్తున్నవాళ్ళతో "బోఁ కురాజ్" అంటారు. ఇంగ్లిషులో దానికి సరైన మాట దొరకదని నా విద్యార్థులు అంటారు. ఆల్ ది బెస్ట్ కాదు, గుడ్ లక్ కూడా కాదు, అందులో అదృష్టం ప్రసక్తే లేదు. మొన్న ఒకబ్బాయి పరీక్షకు వెళ్తూ ఫోన్ చేశాడు. వాళ్ళ నాయనమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఏదో అంటోంది. "మేడమ్, ఇప్పుడు మా నానమ్మ బోఁ కురాజ్ అంది" అన్నాడు. ఫోన్‌లో నాకూ వినిపించింది. "ధైర్యంగ పోయిరా బిడ్డా" అంటోంది ఆవిడ.